ఒక్క రోజులో మహానగరం: అపోహలు - వాస్తవాలు

ఒక్క రోజు కోసం వచ్చేవాళ్లకు నగరం తిప్పి చూపించడమే నా పని. వాళ్లు నా చేతిలో పెట్టే కాగితం దాదాపు ఒకేలా ఉంటుంది. పది, పన్నెండు పేర్లు, ఎదురుగా టైములు. తొమ్మిదికి ఇది, పదిన్నరకు అది. ఆ రెండింటి మధ్య దారికి మాత్రం టైము ఎక్కడా రాసి ఉండదు.

అపోహ: ఎన్ని ఎక్కువ చూస్తే రోజు అంత సార్థకం.

వాస్తవం: రోజులో ఎక్కువ భాగం పోయేది దారిలోనే. బయటికి రావడం, బండి కోసం నిలబడటం, దిగాక నడక, సెక్యూరిటీ చెక్, టికెట్ క్యూ. ప్రయాణం ఇరవై నిమిషాలే అయినా ఇవన్నీ కలిపితే గంటకు దగ్గరపడుతుంది. ఎనిమిది చోట్లు పెట్టుకుంటే ఇలాంటివి ఏడు. అందుకే నేను ముందు ఎక్కి దిగడాలు లెక్కపెడతాను. అడిగినవన్నీ మ్యాప్ మీద చుక్కలుగా పెడితే సాధారణంగా రెండు మూడు గుంపులు కనిపిస్తాయి. పొద్దున ఒక గుంపు, భోజనం అయ్యాక ఇంకోటి, మధ్యలో ఒక్కటే పెద్ద ప్రయాణం. ఎక్కడో దూరంగా ఒంటరిగా ఉన్న చుక్క ఎంత పేరున్నదైనా కొట్టేస్తాను. గొడవంతా ఇక్కడే వస్తుంది! "దానికోసమే వచ్చామండీ" అంటే సరే, అప్పుడు దాని చుట్టుపక్కల ఉన్నవాటితోనే రోజు గడపాలి. మిగతా గుంపులను వదులుకోవాలి.

అపోహ: మ్యూజియమే కదా, గంటన్నరలో మొత్తం చుట్టేయొచ్చు.

వాస్తవం: పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినవే దాదాపు 35,000. ఒక్కోదాని ముందు అర నిమిషం నిలబడినా, రాత్రీపగలూ ఆగకుండా చూస్తే 12 రోజులు పడుతుంది. పైగా అలసట ఒకటి. బోస్టన్‌లో మ్యూజియం ఉద్యోగి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే 'మ్యూజియం ఫెటీగ్' అని దీనిమీద వ్యాసం రాశారు. సరిగా అమర్చని వస్తువుల కోసం సందర్శకుడు ఎలా వంగాల్సి వస్తుందో, ఎలా మెడ చాచాల్సి వస్తుందో ఫొటోలు తీసి మరీ చూపించారు. ఒక్క విభాగం ఎంచుకోండి. పొద్దున్నే, కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే వెళ్లండి. రెండు గంటలు దాటాక చూసేది గుర్తుండదు.

అపోహ: మెట్రో ఉంటే నడక అక్కర్లేదు.

వాస్తవం: మెట్రో మ్యాప్‌లో దూరాలు నిజం కావు. హ్యారీ బెక్ గీయగా 1933లో అచ్చయిన లండన్ మెట్రో మ్యాప్ నుంచి చాలా నగరాలు నేర్చుకున్నది అదే: స్టేషన్ల వరస చూపిస్తే చాలు, దూరం వదిలేయొచ్చు. అదే లండన్‌లో లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం 300 మీటర్లు కూడా లేదు. కిందికి దిగి, రైలు ఎక్కి, మళ్లీ పైకి వచ్చేలోపు నడిచేవాడు హాయిగా చేరిపోతాడు. ఒకటి రెండు స్టేషన్ల దూరమైతే మామూలు మ్యాప్‌లో నడక ఎంతో చూశాకే టికెట్ కొనండి. అయితే పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే యాప్ చెప్పే నడక టైముకు సగం కలపాలి.

అపోహ: వారంలో ఏ రోజు వెళ్లినా ఒకటే.

వాస్తవం: లూవ్ర్‌కు మంగళవారం సెలవు, తాజ్ మహల్‌కు శుక్రవారం. ఈ పాఠం నేను ఓ కుటుంబాన్ని మూసిన గేటు ముందు నిలబెట్టి మరీ నేర్చుకున్నాను.

అపోహ: సామాను సంగతి చివర్లో చూసుకోవచ్చు.

వాస్తవం: మొదట చూడాల్సిందే అది. చాలా మ్యూజియాల్లోకి పెద్ద బ్యాగు రానివ్వరు. దిగిన స్టేషన్‌లో పెట్టేసి, రాత్రి ఇంకో స్టేషన్ నుంచి రైలు ఎక్కేవాళ్లుంటారు. సాయంత్రం, సరిగ్గా ట్రాఫిక్ ముదిరే వేళకు, ఆ బ్యాగు కోసమే నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు. రాత్రి ఎక్కడ రైలు ఎక్కుతారో అక్కడి క్లోక్ రూమ్‌లోనే పొద్దున పెట్టండి.