టమాటా పూతకు గండం రాత్రిపూట

మార్చి సగం దాకా మా డాబా మీద టమాటాలు గుత్తులు గుత్తులుగా కాశాయి. ఏప్రిల్ వచ్చేసరికి మొక్క పచ్చగానే ఉంది, పూత బాగానే వేస్తోంది, ఒక్క పిందె మాత్రం నిలవడం లేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే కుండీల చుట్టూ పసుపు పూలు రాలి ఉంటున్నాయి. అలా రాలిన పువ్వును ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. మామూలుగా తొడిమ మధ్యలో చిన్న కణుపులా ఉబ్బు ఉంటుంది. పువ్వు సరిగ్గా అక్కడే, ఎవరో గిల్లినట్టు తెగి ఉంటుంది. ఫలదీకరణ జరగని పువ్వును మొక్క తనంతట తానే అక్కడ వదిలించుకుంటుంది.

నీళ్లు చాల్లేదేమోనని ఇంకో చెంబు పోస్తాం, బలం తగ్గిందేమోనని యూరియా వేస్తాం. యూరియాతో ఆకు పెరుగుతుంది తప్ప పిందె నిలవదు. చిక్కంతా పుప్పొడి దగ్గర ఉంది. టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. మగ భాగాలైన కేసరాలు గొట్టంలా కలిసిపోయి ఆడ భాగమైన కీలాన్ని కప్పి ఉంచుతాయి. పువ్వు అదిరితే లోపలి పుప్పొడి రాలి కీలం కొస (కీలాగ్రం) మీద పడుతుంది. ఫిబ్రవరిలో విచ్చిన పువ్వును ఫోన్ నల్లటి అద్దం మీద పెట్టి వేలితో తట్టాను, సన్నటి పొడి పడింది. మే నెలలో అదే మొక్క పువ్వును తడితే అద్దం దాదాపు శుభ్రంగానే ఉంది.

పుప్పొడి రేణువులు తయారయ్యేటప్పుడు పిండిపదార్థాన్ని దాచుకుంటాయి. పువ్వు విచ్చేనాటికి అది చక్కెరగా మారి, రేణువు మొలకెత్తడానికి శక్తినిస్తుంది. వేడి ఎక్కువైతే ఈ నిల్వ సరిగా చేరదు. ఈ దశ పువ్వు విచ్చడానికి ఒకటి రెండు వారాల ముందే నడుస్తుంది కాబట్టి, ఈరోజు రాలిన పువ్వు పది రోజుల క్రితమే దెబ్బ తిని ఉండొచ్చు. నిన్న వాన పడి చల్లబడినా పూత రాలుతూనే ఉందంటే కారణం ఇదే.

పగలు 32 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుందని చాలామందికి తెలుసు. రాత్రి సంగతి ఎవరూ పట్టించుకోరు. రాత్రి 22, 24 డిగ్రీల కంటే దిగకపోతే చాలా రకాలు పిందె కట్టవు. విజయవాడలో మే నెల రాత్రులు 27, 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. మండు వేసవిలో మన కూరల్లోకి మదనపల్లె టమాటా వస్తోందంటే, ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉండి, రాత్రికి చల్లబడటం అందుకు పెద్ద కారణం.

మిద్దె తోటకు ఇంకో శత్రువు స్లాబ్. పగలంతా తాగిన వేడిని అది రాత్రి కక్కుతుంది. అందుకే కుండీలను ఇటుకల మీదో స్టాండు మీదో జానెడు ఎత్తున పెట్టి, సాయంత్రం స్లాబ్ మీద నీళ్లు చల్లుతాను. నల్ల బ్యాగులు మానేసి తెల్లవి వాడుతున్నాను. షేడ్ నెట్ పగటి ఎండ నుంచి, కాయ మీద తెల్లమచ్చ నుంచి కాపాడుతుంది కానీ రాత్రిని చల్లబరచదు. పొద్దున ఏడెనిమిది గంటలకు పూగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టండి. తేనెటీగకు రాని పని ఇది. జుమ్మని అదిరించే తుమ్మెదలు మీ డాబాకు వస్తుంటే ఈ పని అవే చేసిపెడతాయి.

విత్తనం ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ఢిల్లీ వ్యవసాయ పరిశోధనా సంస్థ వారి పూసా సదాబహార్ చలి రాత్రుల్లోనూ, వేడి రాత్రుల్లోనూ పిందె కట్టేలా తయారైంది. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వారి అర్కా వికాస్ కూడా వేడికి, నీటి ఎద్దడికి కొంత తట్టుకుంటుంది. చెర్రీ టమాటాలు పెద్ద కాయల రకాల కంటే గట్టివి. నాకు ఎక్కువ నమ్మకం వాటి మీదే. వేసవిలో తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత తెగులు బెడద ఉన్నచోట అర్కా రక్షక్ మేలు. తట్టుకోవడం అంటే కొద్ది డిగ్రీల వెసులుబాటు అనుకోండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఏ రకమూ విరగకాయదు.

ఏప్రిల్, మే నెలల్లో పండిన కాయ ఎర్రగా కాకుండా నారింజ రంగులోనే ఆగిపోతే కంగారు పడకండి. ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటాక సరిగా తయారవదు, పసుపునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. దోరగా రంగు తిరగగానే కోసి, ఇంట్లో చల్లటి మూల పెడితే బాగా ఎరుపెక్కుతుంది.

పిందె కట్టాక కాయ పండటానికి దాదాపు నెలన్నర పడుతుంది. ఆ లెక్కన నేను డిసెంబరు చివర్లో నారు పోసి, మార్చి లోపే పిందె కట్టించుకుంటాను. మే నెలలో మొక్కను బతికించుకోవడమే పని. ఆకులతో మొదలు కప్పి, రోజూ ఒకే వేళకు నీళ్లు పోస్తాను. ఆకుముడత వచ్చిన మొక్కను పీకేసి, బాగున్నవాటిని తొలకరికి మూరెడు ఎత్తున కత్తిరిస్తే కొత్త చిగుళ్లు వేసి మళ్లీ పూతకొస్తాయి.