కొత్త బాణీ కట్టడం: అపోహలు – వాస్తవాలు

బరంపురంలో నా దగ్గర తెలుగు పిల్లలూ, ఒడియా పిల్లలూ సంగీతం నేర్చుకుంటారు. నాలుగు కీర్తనలు వచ్చాక సొంతంగా బాణీ కట్టాలన్న కోరిక పుడుతుంది. అపోహలు మొదలయ్యేదీ అప్పుడే.

అపోహ: రాగాలన్నీ పట్టుబడ్డాకే బాణీ కట్టాలి.
వాస్తవం: మేళకర్తలే (మూల రాగాలే) 72, వాటి నుంచి పుట్టిన జన్యాలకు అంతులేదు. మోహన రాగంతో మొదలుపెట్టండి. హిందుస్తానీ నేర్చినవారికి అవే స్వరాలు భూపాలీలో దొరుకుతాయి.

అపోహ: బాణీ బాగుంటే ఎవరు పాడినా, ఏ వాద్యం మీద వాయించినా బాగుంటుంది.
వాస్తవం: ఎక్కువ పాటలు చెడేది ఇక్కడే. మగవారి శ్రుతి (పాటకు ఆధారమైన ‘స’) హార్మోనియం మెట్ల లెక్కలో సాధారణంగా ఒకటి, ఒకటిన్నర. ఆడవారిది ఐదు, ఐదున్నర. ఇద్దరికీ మధ్యేమార్గంగా ఒక శ్రుతి పెడితే ఆయన పైస్థాయిలో అరుస్తాడు, ఆమె మంద్రంలో (కింది స్థాయిలో) వినిపించదు. పల్లవిని ఐదారు స్వరాల్లో కుదించి, చరణాలు చెరొకరికి పంచండి. వేణువు కింది స్వరాలు మెత్తన; అక్కడ మృదంగమో, ఒడిస్సీ మద్దెల అయిన మర్దలో జోరుగా మోగితే వేణువు ఉన్నట్టే తెలియదు. హార్మోనియం మెట్ల మీద స్వరం జారదు కనుక గమకాల (స్వరం ఊగే, జారే) సంగతులు వయొలిన్‌కు ఇచ్చి, హార్మోనియానికి నిలకడ స్వరాలు ఉంచాలి. వాయించేదెవరో తెలియకుండా నేనైతే ఒక్క ఆవృతం (తాళం ఒక చుట్టు) కూడా రాయను.

అపోహ: మన రాగాల్లో రెండు గొంతులు వేర్వేరు స్వరాలు పాడితే అపశ్రుతే.
వాస్తవం: అది రాగాన్ని బట్టి ఉంటుంది. మోహనలో పక్కపక్క స్వరస్థానాలు లేవు. అందుకే ఒక వరుసను కాస్త ఆలస్యంగా రెండో గొంతు అందుకున్నా చెవికి ఇంపుగానే ఉంటుంది. మాయామాళవగౌళలో స–రి, గ–మ, ప–ద, ని–స అన్నీ ఆనుకునే ఉంటాయి; అక్కడ ప్రతి కలయికనూ పాడి చూసుకోవాలి.

అపోహ: కట్టుబాటు పెట్టుకుంటే ఊహ చచ్చిపోతుంది.
వాస్తవం: మన గంజాం ఒడియా కవి, కవిసూర్య బలదేవ రథ్ ‘కిశోర చంద్రానన చంపూ’లో క నుంచి క్ష దాకా ఒక్కో అక్షరానికి ఒక్కో పాట కట్టారు. ఇంతకన్నా ఏం చెప్పాలి?

అపోహ: ఒడియా మాటలకు కట్టిన బాణీలో తెలుగు ఇమడదు.
వాస్తవం: హిందీ బాణీలోకన్నా హాయిగా ఇముడుతుంది. ఒడియాలోనూ మాట చివరి అచ్చు నిలుస్తుంది, దాని మీద స్వరం సాగుతుంది. చిక్కల్లా హ్రస్వదీర్ఘాలతోనే. ఒడియా ఉచ్చారణలో ఆ తేడా దాదాపు లేదు. మనకు అదే ప్రాణం. ‘పడవ’లో మొదటి అక్షరాన్ని సాగదీస్తే ‘పాడవ’ అని వినిపించి శ్రోత నవ్వుతాడు. బాణీని కాస్త సవరించండి, మాటను విరవకండి.

అపోహ: స్వరలిపి రాయకపోతే బాణీ మీద హక్కు ఉండదు.
వాస్తవం: 1957 కాపీరైట్ చట్టానికి 1994లో వచ్చిన సవరణతో ఆ షరతు పోయింది. అయినా కట్టిన రోజే ఫోనులో పాడి దాచుకోండి. చట్టం లెక్కలో సాహిత్యం వేరు, సంగీతం వేరు. మాటలు ఇంకొకరివైతే వారి అనుమతి విడిగా అడగాలి.