కులం గడిలో ఏం రాస్తారు? చిక్కు పడింది 2011లో

కులగణన మళ్లీ రచ్చకెక్కింది. 2025 ఏప్రిల్ 30న కేంద్ర కేబినెట్ రాజకీయ వ్యవహారాల కమిటీ సరేనంది. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే జనగణనలో అందరి కులమూ నమోదవుతుంది. 1931 తర్వాత ఈ లెక్క ఎందుకు ఆగిందో తెలిసిన కథే. విశాఖ వాసులు పట్టించుకోవాల్సింది 2011 సంగతి.

ఆ ఏడాది మొదలైన సామాజిక, ఆర్థిక, కుల గణన జనగణన చట్టం కింద జరగలేదు. పేద కుటుంబాలను గుర్తించడమే దాని అసలు పని. పల్లెల్లో గ్రామీణాభివృద్ధి శాఖ, పట్టణాల్లో పట్టణ పేదరిక నిర్మూలన శాఖ దాన్ని నడిపించాయి. గదులెన్ని, గోడ ఇటుకా మట్టా, భూమెంత, ఫ్రిజ్ ఉందా? అన్నీ అర్థశాస్త్రం అడిగే ప్రశ్నలే, వాటి జవాబులకు ముందే కోడ్‌లున్నాయి. కులం దగ్గరికొచ్చేసరికి మాత్రం చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకున్నారు. కొందరు ఉపకులం చెప్పారు, కొందరు గోత్రం, మరికొందరు ఇంటిపేరు. ఒకే పేరు నాలుగు స్పెల్లింగుల్లో పడింది. 1931లో 4,147గా తేలిన కులాలు 46 లక్షలు దాటాయని 2021లో కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. పేదరికం లెక్కలు 2015 జులైలో విడుదలయ్యాయి. కులం పట్టికలు బయటికి రానేలేదు.

1931 గణన కమిషనర్ హట్టన్ స్వయానా మానవశాస్త్రవేత్త. అప్పుడూ జనం నోటికొచ్చిన పేరే చెప్పారు. కాకపోతే వివరాలు ఎక్కించిన చీటీలు వేరుచేసే చోట, ఒకే కులానికున్న వేర్వేరు పేర్లను కలిపే కుల సూచిక ఉండేది. 2011లో వదిలేసింది ఆ మెట్టునే.

ఒక్క గడిని అయిదు శాస్త్రాలు అయిదు రకాలుగా చదువుతాయి. ఎవరు ఎవరితో వియ్యమందుతారన్నది మానవశాస్త్రానికి కావాలి. ఎవరి మాట చెల్లుతుందన్నది సమాజశాస్త్రం చూస్తుంది. ఒక మనిషి రెండు చోట్ల పడకూడదని జనాభా శాస్త్రం పట్టుబడుతుంది. రాజనీతి శాస్త్రానికి కోటాలు, అర్థశాస్త్రానికి ఆదాయాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వీటికి వేర్వేరు విభాగాలున్నాయి, జనాభా పరిశోధన కేంద్రమూ ఉంది. ఫారం తయారుచేసేవాళ్లకు మాత్రం ఒకటే గడి.

ఉత్తరాంధ్రలో ఒక్క మాట జారితే వర్గమే మారిపోతుంది. తూర్పు కాపు బీసీ-డి, ఉత్త ‘కాపు’ ఓసీ. కొప్పుల వెలమ బీసీ-డి, ‘వెలమ’ అని ఊరుకుంటే ఓసీ. జాలరిపేటలో వాడబలిజ బీసీ-ఏ, ‘వాడ’ ఎగిరిపోతే బలిజ, అంటే ఓసీ. వాల్మీకులు మన్యంలో ఎస్టీ, మైదానంలో బీసీ-ఏ. అక్కడ పేరొక్కటే సరిపోదు, ఊరూ రాయాలి.

లెక్కపెడితే కులం మరింత గట్టిపడుతుందన్నది వ్యతిరేకుల వాదన. 1901లో గణన కమిషనర్ రిస్లే కులాలకు హెచ్చుతగ్గుల వరుస కట్టాక కుల సంఘాల అర్జీలు వెల్లువెత్తిన మాట నిజమే. అయితే ఆ గొడవ వరుస కట్టినందుకు వచ్చింది, లెక్కపెట్టినందుకు కాదు.

కావాల్సింది మూడు గడులు: కులం, ఉపకులం, సొంత మండలం. జిల్లాలవారీ వాడుక పేర్లతో కోడ్ జాబితా ఉండాలి, అందులో దొరకని పేరు రాసుకోవడానికి విడిగా చోటుండాలి. ఫీల్డు పని ముగియకముందే వార్డుకు కొన్ని ఇళ్లు మళ్లీ తిరిగి సరిచూడాలి. తర్వాత ఆఫీసులో కూర్చుని ‘కాపు’ పక్కన ‘తూర్పు’ చేర్చడం ఎవరి వల్లా కాదు. అందాకా ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. సర్టిఫికెట్‌లో ఉన్న పూర్తి పేరు చెప్పి, ఎన్యూమరేటర్ ఎక్కించింది గడప దాటకముందే ఒకసారి చదివించుకోవాలి.