డైవింగ్ బూట్లకు ఎండ కాదు, గాలి కావాలి

విశాఖలో రుషికొండ దగ్గర డైవింగ్ చేసి, తడి బూట్లను ప్లాస్టిక్ కవర్లో కట్టి రైలెక్కితే విజయవాడకి సుమారు 350 కిలోమీటర్లు. ఇంటికొచ్చి కవర్ విప్పగానే గుప్పుమని వాసన కొడుతుంది. వెంటనే వాటిని డాబా మీద ఎండలో పడేయాలనిపిస్తుంది. వడియాలూ మిరపకాయలూ అలాగే ఎండుతాయి కదా! కానీ వడియం విడివిడిగా, పలచగా ఉంటుంది. బూటు ఒకవైపే నోరున్న సంచి.

ముందు తడి ఎక్కడుందో చూడాలి. బూటుకి వాడే నియోప్రీన్ రబ్బరు స్పాంజిలా నీళ్లు పీల్చదు. దాని నిండా ఉండే సన్నటి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి. వాటిలోని వాయువే పాదాన్ని చలి నుంచి కాపాడుతుంది. నీళ్లు నిలిచేది రబ్బరుకి అతికించిన నైలాన్ బట్టలో, కుట్లలో, లోపలి అట్ట కింద, అన్నిటికంటే ఎక్కువగా వేళ్ల మూలలో.

ఆ నీళ్లలో ఉప్పుంది, అసలు చిక్కు దానితోనే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. బట్టలో 100 మిల్లీలీటర్లు ఉండిపోయినా, ఆరాక మూడున్నర గ్రాములు మిగులుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు. వానాకాలం వంటింట్లో కల్లుప్పు జాడీ చెమ్మగిల్లేది ఇందుకే. ఉప్పు పోకుండా ఆరబెట్టిన బూటు కృష్ణా తీరపు శ్రావణమాసంలో పూర్తిగా ఆరనే ఆరదు.

అందుకే ఆరబెట్టే ముందు మంచినీళ్లలో నానబెట్టాలి. పది లీటర్ల బకెట్లో కాస్త షాంపూ కలిపి, జిప్పు పూర్తిగా తెరిచి, 20 నిమిషాలు ఉంచండి. జిప్పును నీళ్లలోనే నాలుగైదు సార్లు లాగి వేయండి, పళ్ల మధ్య ఇసుక వదిలిపోతుంది. తర్వాత రెండుసార్లు నీళ్లు మార్చి జాడించాలి. గుంటూరులో చాలా ఇళ్ల బోరు నీళ్లకి లవణాలెక్కువ, ఆరాక తెల్లటి చారలు పడతాయి. చివరి జాడింపుకైనా కుళాయి నీళ్లు వాడండి. బ్లీచింగ్ పౌడర్ జోలికి పోవద్దు, అది కుట్టుదారాన్ని, సాగే బట్టను తినేస్తుంది.

మెలితిప్పి పిండితే అతుకులు విడిపోతాయి. పాత తువ్వాలును చుట్టి బూటులోకి వేళ్ల మూల దాకా దూర్చి, పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కండి. బయటికి తీస్తే తువ్వాలు బరువుగా తడిసి వస్తుంది. రెండోసారి పొడి తువ్వాలుతో చేస్తే మీకు సగం రోజు కలిసొస్తుంది. ఉండచుట్టిన న్యూస్‌పేపరైనా సరే, కానీ రెండు గంటలకోసారి మార్చాలి. తడిసిన కాగితాన్ని రాత్రంతా వదిలేస్తే అదే చెమ్మను పట్టి ఉంచుతుంది.

ఇక ఆరబెట్టడం. లోపలి అట్ట ఊడొచ్చేదైతే తీసి విడిగా పెట్టండి. బూటును నీడలో, బోర్లా, కర్రకో పైపుకో తగిలించి, నోరు నేలకి కనీసం అడుగు ఎత్తున ఉండేలా చూడండి. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది కాబట్టి లోపలి గాలి చల్లబడి బరువెక్కుతుంది. బూటు నిటారుగా ఉంటే ఆ తడిగాలి అడుగునే తిష్ఠ వేస్తుంది, బోర్లా ఉంటే తనంతట తానే కిందికి జారిపోతుంది. టేబుల్ ఫ్యాన్‌ను నోటి వైపు తిప్పి పెడితే ఆ చోటికి పొడిగాలి చేరుతుంది. వానాకాలం అయితే ఏసీ గదిలో పెట్టండి. ఏసీ పైపు నుంచి బయట చుక్కలు చుక్కలుగా కారే నీరంతా ఆ గదిలోని తేమే.

మే నెల ఎండ, హెయిర్ డ్రైయర్, తలుపులు మూసిన కారు, మూడూ చెరుపే. వేడికి అతుకుల జిగురు మెత్తబడుతుంది, అతినీలలోహిత కిరణాలకు రబ్బరు పెళుసెక్కి, మడత పడే చీలమండ దగ్గర మొదట పగుళ్లు తేలతాయి.

పైపైన తడిమి చూసి ఆరిందనుకోకండి. కొత్తగా కొన్నప్పుడే ఒక్కో బూటును వంటింటి త్రాసు మీద తూచి, ఆ బరువును నోరు లోపలి అంచున మార్కర్‌తో రాసి పెట్టుకోండి. మళ్లీ ఆ బరువుకి దిగేదాకా ఫ్యాన్ ముందే ఉంచి, తర్వాత మడవకుండా, జిప్పు తెరిచి ఉంచి, గాలాడే అరలో నిలబెట్టండి.