గొట్టా నిండితే రెండో వరికి ఢోకా లేదా?

నవంబరులో శ్రీకాకుళం జిల్లా వంశధార నది మీది గొట్టా బ్యారేజీ నిండుగా కనబడగానే మొదలయ్యే మాట ఇది: "నీళ్లున్నాయి కదా, రెండో వరికి నారు పోసేద్దాం." పోయకండి. వంశధార ఆయకట్టులో రైతు పెట్టుబడిని ముంచే అపోహల్లో ఇదే పెద్దది.

గొట్టా నీటిని కాలువలకు మళ్లించే బ్యారేజీ. అక్కడ నిలిచేది ఒక టీఎంసీకి (వంద కోట్ల ఘనపుటడుగులకు) తక్కువే. పోనీ, టీఎంసీ ఉందనే అనుకోండి. కాలువలకు వెయ్యి క్యూసెక్కులు (సెకనుకు వెయ్యి ఘనపుటడుగులు) వదిలితే రోజుకు 0.0864 టీఎంసీ పోతుంది. పైనుంచి చుక్క రాకపోతే పన్నెండో రోజుకల్లా ఖాళీ. వరికి కాలువ నష్టాలతో కలిపి నాలుగడుగుల నీరు లెక్కేస్తే, టీఎంసీ నీటితో పండేది సుమారు 5,700 ఎకరాలే. నవంబరులో బ్యారేజీ నిండుగా ఉండేది నది ఇంకా పారుతోంది కాబట్టి. పైరు పొట్టకొచ్చే వేళకు ఆ పారుదల సన్నగిల్లుతుంది. పై తూముల దగ్గర ఎవరో షట్టరు ఇంకాస్త లేపుతారు, పలాస, వజ్రపుకొత్తూరు వైపు శివారు ఎండుతుంది. అదే మినుము, పెసర అయితే వరి కోసిన మడిలో మిగిలిన తేమతోనే చాలావరకు గట్టెక్కుతాయి.

"హిరమండలం రిజర్వాయరులో 19 టీఎంసీలున్నాయిగా?" 19.05 టీఎంసీలన్నది రిజర్వాయరు సామర్థ్యం. అందులోకి చేరే నీరు వేరే లెక్క. నది పక్కన కట్టిన పొర్లుకట్ట, కాట్రగడ సైడ్ వియర్ నుంచి వరద కాలువకు తీసుకోవాల్సింది 8 టీఎంసీలు, అదీ జూన్ నుంచి నవంబరు లోపే. నది మట్టం వియర్ అంచు దాటితేనే నీరు కాలువలోకి పడుతుంది. వరద పల్చగా ఉన్న ఏడాది ఆ 8 కూడా పూర్తిగా రావు. వంశధార నీటి పంపకం తేల్చే ట్రైబ్యునల్ 2017 సెప్టెంబరులో, గొట్టాకు ఎగువన కట్టదలచిన నేరడి బ్యారేజీకి ఒప్పుకున్న మాట నిజమే. 115 టీఎంసీల్లో మనకూ ఒడిశాకూ చెరి సగం అన్నదీ నిజమే. కానీ ఒడిశా వైపు 106 ఎకరాలు చేతికొచ్చి, బ్యారేజీ కట్టాక గానీ ఆ తీర్పు పొలానికి నీరు పెట్టదు.

"ఒడిశా వాళ్లు గేట్లెత్తి ముంచారు" అన్నది వట్టి పుకారు. ఒడిశాలోని హరభంగి, బడానాలా డ్యాములు ఉన్నది ఉపనదుల మీద. గొట్టా పైన వంశధార అసలు పాయ మీద వరదను ఆపి వదిలేంత పెద్ద డ్యామేమీ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వంశధార పొంగింది కొండల్లో కురిసిన వానతోనే. ఒడ్డున ఉన్నవాళ్లకు భయం సహజం. వాట్సాప్ పక్కనపెట్టి గుణుపూర్, కాశీనగర్ నీటిమట్టాలు చూడండి. అక్కడ పెరిగితే కొన్ని గంటల్లో గొట్టాకు వస్తుంది.

వరద నీటిని ఆపకుండా సముద్రం పాలు చేశారన్న నిందకు జవాబు కూడా లెక్కలోనే ఉంది. లక్ష క్యూసెక్కుల వరద టీఎంసీ నింపడానికి పట్టేది 10,000 సెకన్లు, అంటే మూడు గంటల లోపు. గేట్లు మూస్తే నీరు ఆగదు, గట్లు తెగుతాయి.

విత్తనం కొనేముందు సాగునీటి సలహా మండలి సమావేశంలో అడగాల్సినవి మూడు: ఇవాళ్టి ఇన్‌ఫ్లో ఎంత, కాలువలు కట్టేసే తేదీ ఏది, మీ తూముకు వంతు ఏ రోజు.