రోగం పేరు రాశారు, రోగిని మరిచారు: ఇంటి నుంచి ఓటు వెనుక కథ

విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలకు చివరిసారి ఓట్లు పడింది 2021 మార్చి 10న. కొవిడ్ మొదటి విడత తగ్గి, రెండో విడత ఇంకా విరుచుకుపడని రోజులవి. ఆ పాలకమండళ్లకు 2026 మార్చితో ఐదేళ్లు. ఎన్నికల మాటతోపాటు పాత వాదన ఒకటి మళ్లీ లేచింది. జబ్బు ప్రబలినప్పుడు గడప దాటలేనివారి ఓటు సంగతేమిటి? బ్యాలెట్‌ను వారి ఇంటికే పంపాలని కొందరు అంటున్నారు. బ్యాలెట్ బూత్ దాటితే ఎన్నికకు నమ్మకం పోతుందని మరికొందరు అంటున్నారు.

ఈసారి వాదన పదునెక్కడానికి కారణం కొవిడ్ కాదు. 2025 సెప్టెంబరులో గుంటూరు పక్కనే ఉన్న తురకపాలెం వరుస మరణాలతో వణికింది. మట్టిలో, నీటిలో ఉండే బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ అనే జబ్బుపై అనుమానం పడింది. ఊళ్లో వైద్య శిబిరాలు వెలిశాయి. అదే నెలలో విజయవాడ న్యూ రాజరాజేశ్వరిపేటలో అతిసారం ప్రబలింది. పోలింగ్ ఆ వారంలోనే ఉండి ఉంటే ఆ ఇళ్లవారు ఏం చేసేవారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే ఒక తేదీ దగ్గర ఆగాల్సి వస్తుంది.

లాక్‌డౌన్ సంగతులు, విజయవాడ కృష్ణలంక వీధులకు బారికేడ్లు కట్టిన రోజులు పాఠకులకు చెప్పనవసరం లేదు. సైనికులకు, ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ దశాబ్దాలుగా ఉన్నదే. నేరుగా 2020 జూన్ 19కి వెళదాం.

అంతకు ఎనిమిది నెలల ముందు, 2019 అక్టోబరు 22న, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోకి ‘గైర్హాజరు ఓటరు’ అనే మాట కొత్త అర్థంతో వచ్చింది. 80 ఏళ్లు దాటినవారు, వైకల్యం ఉన్నవారు, అత్యవసర సేవల్లో ఉన్నవారు ఫారం-12డి నింపి పోస్టల్ బ్యాలెట్ కోరవచ్చు. ఆ ఏడాది చివర ఝార్ఖండ్‌లో కొన్ని నియోజకవర్గాల్లో దీన్ని తొలిసారి అమలు చేశారు. కొవిడ్ వచ్చాక, 2020 జూన్ 19న, అదే నిబంధనను మళ్లీ సవరించారు. ఆ సవరణ రెండు పనులు చేసింది. వయసు పరిమితిని 80 నుంచి 65కు దించింది. కొవిడ్ సోకినవారిని, సోకిందన్న అనుమానంతో క్వారంటైన్‌లో ఉన్నవారిని కొత్త తరగతిగా చేర్చింది.

దేశమంతా మొదటిదాని మీదే గొడవపడింది. రాజకీయ పక్షాలను సంప్రదించకుండా ఇంత పెద్ద మార్పు ఎలా చేస్తారని సీపీఎం ప్రధాన కార్యదర్శి సీతారాం ఏచూరి జూన్ 29న ఎన్నికల సంఘానికి లేఖ రాశారు. కాంగ్రెస్ కూడా అభ్యంతరం చెప్పింది. సవరణ వచ్చిన సరిగ్గా 27 రోజులకు, జూలై 16న, ఎన్నికల సంఘం వెనక్కి తగ్గింది. రానున్న బిహార్ ఎన్నికల్లో 65 ఏళ్లవారికి ఈ వీలు ఉండదని చెప్పింది. గోప్యత గురించిన అభ్యంతరం నిజమని ఒప్పుకొని వెనక్కి తగ్గలేదు. బూత్‌కు వెయ్యి మందికి మించకూడదన్న నియమం వల్ల బిహార్‌లో సుమారు 34,000 కొత్త పోలింగ్ కేంద్రాలు పెట్టాలి, 1.8 లక్షల మంది అదనపు సిబ్బంది కావాలి, అందుకని ఇది తమవల్ల కాదంది. హక్కు సంగతి తేలకుండానే సిబ్బంది లెక్క దగ్గర చర్చ ముగిసిపోయింది. ఆనాటి ఒత్తిడిలో ఆ లెక్క అబద్ధమని అనలేం. కానీ ‘ఇంటికి వెళ్లి ఓటు తీసుకోవడం’ మనుషులు మిగిలితే చేసే పని అన్న అభిప్రాయం అక్కడే పాతుకుపోయింది.

రెండో మార్పును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్ల తరువాత మన రెండు నగరాల వాదన మొత్తం దాని మీదే నిలబడి ఉంది. ఆ సవరణలోని నిర్వచనాన్ని నెమ్మదిగా చదవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, ప్రభుత్వం కొవిడ్ ఆసుపత్రిగా గుర్తించిన చోటగాని పరీక్షలో కొవిడ్ ఉన్నట్టు తేలినవారు, లేదా కొవిడ్ కారణంగా ఇంట్లోనో కేంద్రంలోనో క్వారంటైన్‌లో ఉండి అధికారి ధ్రువపత్రం పొందినవారు. అంతే. ప్రతి మెట్టులోనూ ఒకే జబ్బు పేరు.

మిగతా తరగతులతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. వృద్ధుల్ని వయసుతో నిర్వచించారు. దివ్యాంగుల్ని వైకల్యం ఉందో లేదో చూసి నిర్వచించారు గాని అది పోలియోతో వచ్చిందా ప్రమాదంతో వచ్చిందా అని అడగలేదు. అత్యవసర ఉద్యోగుల్ని వారి విధితో నిర్వచించారు. రోగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనిషి పరిస్థితిని వదిలేసి రోగం పేరు రాశారు. కదలలేకపోవడం, కదలవద్దని అధికారి ఆదేశించడం కొలమానం కాలేదు. ఫలానా వైరస్ ఉందా లేదా అన్నదే కొలమానమైంది.

2020 జూన్‌లో కళ్లముందు ఉన్నది ఒక్క జబ్బే కాబట్టి ఆ రాతను తొందరపాటుగా తీసిపారేయలేం. తప్పు ఆ తరువాత జరిగింది. సవరించుకోవడానికి తీరిక దొరికిన ఏళ్లలోనూ ఆ వాక్యాన్ని ముట్టుకోలేదు. 2024 మార్చి 1న నిబంధనను మళ్లీ తెరిచినప్పుడు వయసు పరిమితిని 80 నుంచి 85కు పెంచి మూసేశారు. ఎనభై దాటినవారిలో ఎక్కువమంది బూత్‌కే వస్తున్నారన్నది దాని వెనుక వినిపించిన వాదన. ఐదేళ్లు నిండకుండానే 80, 65, మళ్లీ 80, తరువాత 85. వయసు మీద ఇన్నిసార్లు చేయి పడింది. జబ్బు మీద ఒక్కసారి కూడా పడలేదు.

గుంటూరులో ఉండేవారికి ఈ తేడా ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. 2018 మార్చిలో పాత గుంటూరు వీధుల్లో కలుషితమైన తాగునీటితో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. పెద్దాసుపత్రి వార్డులు నిండిపోయాయి. ఆ జబ్బుకు ప్రపంచం భయపడే పేరు లేదు. అయినా సెలైన్ ఎక్కుతున్న మనిషి బూత్‌కు రాలేడు, అతని పక్కన కూర్చున్న భార్యా రాలేదు. కొవిడ్ వచ్చి స్వల్ప లక్షణాలతో ఇంట్లో ఉన్న మనిషికి నిబంధన ఓటు ఇస్తుంది. అంతకంటే కష్టంలో ఉన్న ఈ ఇంటికి ఇవ్వదు.

పేరుతో వచ్చిన చిక్కు ఇలా ఉంటే, గడువుతో వచ్చిన చిక్కు ఇంకొకటి. ఫారం-12డి ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోపు చేరాలి. 2024లో మన రాష్ట్రానికి నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, పోలింగ్ మే 13న జరిగింది. అంటే గడువు ముగిశాక పోలింగ్‌కు దాదాపు మూడు వారాలు. వయసుకు, వైకల్యానికి ఆ ఐదు రోజులు సరిపోతాయి, ఎందుకంటే అవి ముందే తెలిసిన విషయాలు. అంటువ్యాధి నోటిఫికేషన్ చూసుకొని రాదు. మే మొదటి వారంలో పడకేసిన మనిషికి, అతని జబ్బు కొవిడే అయినా, ఫారం చేతికి అందేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. అత్యవసర పరిస్థితి కోసం రాసిన నిబంధనకు అత్యవసరంగా వాడుకునే దారే లేదు.

ఇదంతా శాసనసభ, లోక్‌సభ ఎన్నికల సంగతి. కార్పొరేటర్ ఎన్నికకు, సర్పంచి ఎన్నికకు ఈపాటి ఆసరా కూడా లేదు. స్థానిక ఎన్నికలు రాజ్యాంగంలోని 243-కె, 243-జెడ్ఏ అధికరణాల కింద రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. వాటికి రాష్ట్ర చట్టాలు, రాష్ట్ర నిబంధనలు. ఢిల్లీలో రాసిన ఫారం-12డి మన డివిజన్‌కు దానంతటది వర్తించదు.

ఆ లోటును పూడ్చుకోవడానికి రాష్ట్రానికి సమయం దొరక్కపోలేదు. 2020 మార్చి 15న, మున్సిపల్ పోలింగ్‌కు ఎనిమిది రోజుల ముందు, అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కొవిడ్ కారణంగా ఎన్నికలు వాయిదా వేశారు. ఆ తరువాత జరిగినది అందరికీ తెలుసు. కమిషనర్ పదవీకాలాన్ని తగ్గిస్తూ ఆర్డినెన్సు, ఆయన తొలగింపు, హైకోర్టు తీర్పు, పునర్నియామకం, సుప్రీంకోర్టు. 2021 జనవరి 25న పంచాయతీ ఎన్నికలపై ప్రభుత్వ అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చేదాకా పది నెలలు గడిచాయి. ఆ పది నెలలూ రాష్ట్రం వాదించుకున్నది ఎన్నికలు ఎప్పుడు జరపాలి, ఎవరు నిర్ణయించాలి అన్న దాని మీద. టీకా వచ్చేదాకా ఆగాలని ఒక పక్షం, ఆగితే రాజ్యాంగం ఒప్పుకోదని ఒక పక్షం. జబ్బుతో ఉన్నవాడు ఎలా ఓటేస్తాడన్నది రెండు పక్షాలకూ వాదనలో వాడుకునే మాటగా మిగిలింది గాని పరిష్కరించాల్సిన పనిగా మారలేదు.

చివరికి 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో దొరికిన ఏర్పాటు ఏమిటంటే, పోలింగ్ చివరి గంట కొవిడ్ ఉన్నవారిది, పీపీఈ కిట్ తొడుక్కొని రావాలి. ఇతరులకు జబ్బు అంటకుండా చూసే ఏర్పాటుగా అది బాగానే ఉంది. ఓటరు వైపు నుంచి చూస్తే అందులో ఏముంది? జ్వరంతో ఉన్న మనిషి లేచి, ఊరంతా చూస్తుండగా తెల్లటి కిట్టులో వీధిలో నడిచి వెళ్లాలి. తనకు కొవిడ్ ఉందని పక్కింటికి కూడా చెప్పుకోని రోజులవి. ఓటు హక్కు వాడుకోవడానికి ముందు జబ్బును చాటుకోవాల్సి వచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో జరిగినది చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 8వ తేదీన రాష్ట్ర ఎన్నికల సంఘం ఎంపీటీసీ, జడ్పీటీసీ పోలింగ్ నిర్వహించింది. తొమ్మిది రోజుల తరువాత, 17న, కేంద్ర ఎన్నికల సంఘం తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక నిర్వహించింది. అదే రాష్ట్రం, అదే రెండో విడత కొవిడ్. తిరుపతిలో కొవిడ్ ఉన్న ఓటరు పోస్టల్ బ్యాలెట్ కోరవచ్చు. ఎంపీటీసీ ఎన్నికల్లో ఫారం-12డి అన్నదే లేదు. నీళ్లు, మురుగు కాలువ, దోమల మందు వంటి జబ్బుతో నేరుగా సంబంధం ఉన్న పనులన్నీ స్థానిక సంస్థలవే. ఆ సంస్థల ఎన్నికల్లోనే రోగికి దారి లేకుండా పోయింది.

ఇంటి ఓటును అనుమానించేవారి మాట కూడా చెప్పాలి. బూత్‌లో అందరు ఏజెంట్లూ ఉంటారు, ఇంట్లో ఎవరుంటారు, కొడుకు చెప్పినట్టు తల్లి వేయదా అని వారు అడుగుతారు. 2024లో ఐదు లక్షలకు పైగా వచ్చిన పోస్టల్ బ్యాలెట్ల విషయంలో ఫారం-13ఏ (ఓటరు ఇచ్చే ప్రకటన పత్రం) మీద ధ్రువీకరించిన అధికారి సంతకం చాలా, ముద్ర కూడా ఉండాలా అన్న వివాదం లెక్కింపు ముందురోజు దాకా సుప్రీంకోర్టులో నడిచిందని గుర్తుచేస్తారు. ఓటు కొనుగోలు గురించి విజయవాడ వీధుల్లో ఎవరినీ కొత్తగా నమ్మించనవసరం లేదు. ఆ భయం నిజమైనదే.

అయితే ఇంటి ఓటు అంటే కవరు పంపి మళ్లీ తపాలాలో రాబట్టుకోవడం కాదు. ఇద్దరు పోలింగ్ అధికారులు, వీడియో తీసే మనిషి, పోలీసు ముందుగా చెప్పిన రోజున ఇంటికి వస్తారు. అభ్యర్థులకు ఆ సమాచారం అందుతుంది, వారి ప్రతినిధులు వెంట రావచ్చు. అట్ట అడ్డుపెట్టి ఓటరును ఒంటరిగా ఓటేయనిస్తారు. ఓటు లోపలి కవరులో, దాన్ని ప్రకటన పత్రంతో కలిపి బయటి కవరులో పెట్టి అక్కడే మూసేస్తారు. ఓటర్ల జాబితాలో పేరు ఎదురుగా ‘పీబీ’ అని గుర్తు పడుతుంది కాబట్టి ఆ మనిషి మళ్లీ బూత్‌లో ఓటేయలేడు. 80 దాటినవారికి, కొవిడ్ రోగులకు ఈ వీలు ఇవ్వడాన్ని డీఎంకే సవాలు చేసినప్పుడు మద్రాసు హైకోర్టు 2021 మార్చిలో ఆ వ్యాజ్యాన్ని కొట్టేసింది. 2024లో వచ్చిన ముద్ర వివాదం ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్లది, మంచం పక్కన వీడియోలో తీసుకున్న ఓటుది కాదు. రెంటినీ ఒకే గాట కట్టడం ఇంట్లో పడి ఉన్నవారికి అన్యాయం.

ఇప్పుడు అడగాల్సినవి రెండు. కార్పొరేషన్, పంచాయతీ ఎన్నికల నిబంధనల్లో గైర్హాజరు ఓటరుకు చోటు కల్పించాలి. రాష్ట్ర ప్రభుత్వం, రాష్ట్ర ఎన్నికల సంఘం కలిసి చేయగలిగిన పని అది, ఢిల్లీ దాకా పోనవసరం లేదు. చోటు కల్పించేటప్పుడు జబ్బు పేరు రాయకూడదు. ‘ఆరోగ్య అధికారి ఆదేశంతో కదలకుండా ఉంచిన ఓటరు’ అంటే చాలు. అలాంటి ఆదేశాలు ఇచ్చే అధికారం 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద రాష్ట్రానికి ఉంది. 2020 మార్చిలో ఆ చట్టం కిందే ఆంధ్రప్రదేశ్ కొవిడ్ నియమాలు తెచ్చుకుంది. ఇలాంటి ఓటర్ల దరఖాస్తుకు ఐదు రోజుల గడువు కాక పోలింగ్‌కు రెండు మూడు రోజుల ముందు దాకా వీలుండాలి.

సిబ్బంది చాలరన్న 2020 జూలై నాటి జవాబు ఇక్కడ పనికిరాదు. బిహార్ మొత్తానికి 65 దాటిన ప్రతి ఒక్కరి గురించి అన్న మాట అది. ఇక్కడ అడుగుతున్నది ఒక పేట, ఒక ఊరు, కొన్ని పదుల లేదా వందల ఇళ్లు. ఎక్కడైనా జ్వరాలో విరేచనాలో మొదలైతే ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఎవరు పడకలో ఉన్నారో, ఎవరిని ఆసుపత్రికి పంపారో రాసుకుంటారు. సాయంత్రానికి ఆ జాబితా ఆరోగ్య కేంద్రానికి చేరుతుంది. అక్కడి నుంచి జిల్లా వైద్యాధికారికి వెళుతుంది. రిటర్నింగ్ అధికారి బల్ల మీదికి వెళ్లే దారి మాత్రం, జబ్బు కొవిడ్ కానంతవరకు, ఏ నిబంధనలోనూ లేదు.