కడుపు మాడిస్తే మెదడు ఊరుకోదు

"పొద్దున్నుంచీ ఏమీ తినకుండా ఉంటానండీ, రాత్రయ్యేసరికి తట్టుకోలేక కనిపించిందల్లా తినేస్తా, తర్వాత అద్దం చూసుకుని ఏడుస్తా, నాకు కంట్రోల్ లేదా?" అని ఒకమ్మాయి అడిగింది. కంట్రోల్‌కీ దీనికీ సంబంధం లేదమ్మా.

1944 చివర్లో అమెరికాలో, మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే సైంటిస్ట్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో తిండిలేక చిక్కిపోయినవాళ్లకి మళ్లీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోడానికి. తుపాకీ పట్టం అన్న 36 మంది కుర్రాళ్లు ఇష్టపడే వచ్చారు, అందరూ ఆరోగ్యవంతులు. 24 వారాలు తిండి సగానికి తగ్గిస్తే బరువు దాదాపు నాలుగో వంతు పోయింది. అందం గురించి బెంగలేని ఆ కుర్రాళ్లు ప్లేట్లు నాకారు, కూర్చుని వంటల పుస్తకాలు చదివారు, ఇంకా ఆశ్చర్యం ఏంటంటే కొందరికి తాము చిక్కిపోయినట్టు అనిపించలేదు, మామూలుగా ఉన్నవాళ్లే లావుగా కనిపించారు! అంటే ఆకలి చూపుని కూడా మార్చేస్తుంది, నీ అద్దం మాట నమ్మే ముందు ఇది గుర్తుపెట్టుకో.

ఎందుకిలా? జీతం సగానికి పడిపోయిన ఇల్లు ఊహించుకో. ఇంటిపెద్ద మెదడులోని హైపోథాలమస్, దాని చేతిలో పాస్‌బుక్ లెప్టిన్ అనే హార్మోన్. కొవ్వు కణాలే లెప్టిన్‌ని వదుల్తాయి, నిల్వ ఎంతుందో అలా పైకి తెలుస్తుంది. చిక్కెక్కడంటే, తిండి మానేసిన రెండు మూడు రోజుల్లోనే, కొవ్వు పెద్దగా కరక్కముందే, లెప్టిన్ బాగా పడిపోతుంది. డబ్బు ఇంకా ఉంది, పాస్‌బుక్కేమో ఖాళీ అంటోంది! ఇంటిపెద్ద కంగారుపడి ఖర్చులు కోసేస్తాడు, థైరాయిడ్ హార్మోన్ తగ్గి ఒళ్లు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, పిల్లల్ని కనే ఖర్చు ఇప్పుడెందుకని పీరియడ్స్ ఆగిపోతాయి, జుట్టు ఊడుతుంది. ఇంకోపక్క రాబడి కోసం ఇల్లంతా పరుగు, అందుకే రోజంతా తిండి ధ్యాస, రాత్రి ఆ తినేయడం. బయాలజీ క్లాసులో జీర్ణరసాల పేర్లన్నీ బట్టీ పట్టిస్తాం, ఆకలి ఎలా పుడుతుందో మాత్రం చెప్పం, నాకు చాలా బాధేస్తుంది.

జీతం మళ్లీ వచ్చినా ఆ ఇంటికి భయం పోదు. ప్రయోగం అయ్యాక కొందరు పొట్ట పగిలేలా తిన్నా ఆకలి తీరలేదు, నెలల తరబడి అలాగే ఉంది, కొవ్వు మునుపటికంటే ఎక్కువే చేరింది, కరిగిన కండ మాత్రం అంత త్వరగా రాలేదు.

పీరియడ్స్ ఆగినా, కళ్లు తిరుగుతున్నా, తిన్నది కక్కేస్తున్నా ఈ వారమే డాక్టర్‌కి చూపించుకో తల్లీ, రాత్రుళ్లు ఏం జరుగుతోందో దాచకుండా చెప్పు.